స్క్రూ రాసిన కుర్రాడు

మా ద్రాక్షారామంలో పిల్లల్ని నా దగ్గరికి తెచ్చేది జ్వరానికో, దగ్గుకో. చీటీ పుచ్చుకుని లేచి, గుమ్మం దాకా వెళ్లి, మళ్లీ వెనక్కి తిరిగి "చదువు బుర్రకెక్కట్లేదండి, ఏదైనా టానిక్కు రాయండి" అనే తల్లిదండ్రులు ఏడాది పొడుగునా ఉంటారు. పరీక్ష మార్కులు ఇంటికొచ్చిన వారంలో మరీ ఎక్కువ. ఆ టానిక్కు నేను రాయను. చదవడం నేర్పే మందు సీసాలో దొరకదు.

అలా అడిగినవాళ్లలో ఒకాయనది మోటారు వైండింగు కొట్టు. (ఎవరో పోల్చుకోకుండా కొన్ని వివరాలు మార్చి చెబుతున్నాను.) కొడుకు ఐదో తరగతి. బళ్లో చివరి బెంచీ, ఇంట్లో తిట్లు. కళ్లు చూశాను, చెవులు చూశాను, రెండూ బాగున్నాయి. ఒక కథ చెప్పి ప్రశ్నలడిగితే నేను అడగనివాటికి కూడా జవాబులు చెప్పాడు. మూడో తరగతి వాచకం చేతిలో పెట్టేసరికి ముఖం మాడిపోయింది. 'స్నానం' అన్నచోట 'సానం' అన్నాడు. ఒత్తు ఉన్న ప్రతిచోటా అంతే. ప, వ ఒకటే. ఘ, ఝ ఎదురైతే నా ముఖంలోకి చూస్తాడు.

ఇలాంటి పిల్లవాణ్ణి మొదటిసారి వైద్య పత్రికకెక్కించినవాడు ఇంగ్లండులోని ప్రింగిల్ మోర్గాన్ అనే డాక్టరు, 1896లో. ఆ పిల్లవాడికి పద్నాలుగేళ్లు. లెక్కలు చేసేవాడు, మాటలో చురుకు, చదవడం మాత్రం రాదు. పాఠాలన్నీ నోటితోనే చెబితే బడి మొత్తానికి వీడే తెలివైనవాడు అవుతాడని అతని మాస్టారే అన్నాడట. మనం దీన్ని ఇప్పుడు డిస్లెక్సియా అంటున్నాం. చదవడం, రాయడం, లెక్కలు అన్నీ కలుపుకుంటే బడి ఈడు పిల్లల్లో నూటికి ఐదు నుంచి పదిహేను మందికి ఏదో ఒక అభ్యసన లోపం ఉంటుందని అంచనా. తెలివితక్కువ వేరు, ఇది వేరు.

తెలుగు ఎలా పలికితే అలా రాస్తాం కాబట్టి మన పిల్లలకి ఈ బాధ ఉండదనుకునేవాళ్లున్నారు. సగమే నిజం. ఇంగ్లీషుకి ఇరవయ్యారు అక్షరాలే, పలుకుబడికి మాత్రం పద్ధతి లేదు. మనకి పద్ధతి ఉంది గాని గుణింతాలూ ఒత్తులూ కలిపితే కంటికి కనిపించే రూపాలు వందల్లోకి పోతాయి. మన లిపికి తోబుట్టువులాంటి కన్నడంలో సోనాలీ నాగ్ చేసిన పరిశోధనల్లో, మామూలు పిల్లలకే అక్షరాలు పూర్తిగా పట్టుబడటానికి నాలుగైదు తరగతుల దాకా పడుతుందని తేలింది. ఇక ఈ పిల్లల సంగతి చెప్పాలా? పైగా ఇప్పుడు రెండు లిపులూ ఒకేసారి నెత్తినపడుతున్నాయి.

కాకినాడలో సైకాలజిస్టు పరీక్షించి డిస్లెక్సియాయే అని రాసిచ్చారు. ఆ కాగితం చూసి తండ్రి నిట్టూర్చాడు. "పోనీలెండి. ఈడు కాలిన మోటారు ఇప్పి, ఏ కాయిలు ఏ స్లాటులోకెళ్లాలో సూడకుండా సెప్పేత్తాడండి. ఇంక సదువెందుకండి, కొట్లో కూకోబెట్టేత్తాను."

ఇక్కడే నాకు పేచీ. పిల్లవాడి బలం కనిపెట్టండి అని సభల్లో అందరూ అంటారు. కనిపెట్టాక దాన్ని చదువు మాన్పించడానికి సాకుగా వాడేస్తారు. కొట్టు నడపడం చిన్నపని అని కాదు. గేజి చార్టు చదవలేనివాడు, బిల్లు రాయలేనివాడు ఎంత పనిమంతుడైనా జీవితాంతం ఇంకొకరి మీద ఆధారపడాలి. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడుకి వెళ్లాలన్నా పదో తరగతి ఉండాలి. ఈ మాటే తండ్రితో అన్నాను. "ఆయ్, అదీ నిజమేనండి" అన్నాడు.

మరి ఎలా నేర్పడం? దారి వాడి కొట్లోనే దొరికింది. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలంలో ప్రభుత్వం నడిపే భవిత కేంద్రం టీచరమ్మ ఓపికున్న మనిషి. వాచకం పక్కనపెట్టి, కొట్లో సామాను పేర్లు రాయించడం మొదలుపెట్టారు. స్లాటు. స్విచ్చి. స్టార్టరు. వార్నిష్. ఫ్యూజు. గమనించండి, అన్నీ ఒత్తులే! బడి పుస్తకంలో భయపెట్టే ఒత్తులన్నీ వాడు రోజూ చేత్తో పట్టుకునే వస్తువుల్లో ఉన్నాయి. ఒక్కో పదాన్ని బిగ్గరగా పలుకుతూ, చప్పుళ్లు విడగొడుతూ, పళ్లెంలో ఇసుక పోసి వేలితో దిద్దించారు. అమెరికాలో శామ్యూల్ ఆర్టన్, అన్నా గిల్లింగ్‌హామ్‌ల పేరిట చెప్పే పద్ధతి కూడా కన్నూ చెవీ చెయ్యీ కలిపి నేర్పడమే. మన వీధిబడుల్లో ఇసుకలో దిద్దించడం అంతకంటే పాతది. దాన్ని మనమే వదిలేశాం.

ఆ కుర్రాడు 'స్త్రీ' కంటే ముందు 'స్క్రూ' రాశాడు. సకారం కింద కకారం, దానికి రావత్తు, పక్కన కొమ్ముదీర్ఘం. అది రాసినవాడికి 'స్త్రీ' ఎంతసేపు? కొట్లో ప్రతి డబ్బాకీ వాడి చేతిరాతతో చీటీలు అంటించాడు. అక్షరాలు వంకరే, తప్పులూ ఉన్నాయి. నెమ్మదిగా చదువుతాడు, పెద్దయినా నెమ్మదిగానే చదువుతాడని తండ్రికి ముందే చెప్పాను.

2007లో వచ్చిన 'తారే జమీన్ పర్' సినిమా ఈ పిల్లలకి ఎంతో మేలు చేసింది, ఒక చిక్కూ తెచ్చింది. అందులో కుర్రాడు గొప్ప చిత్రకారుడు. దాంతో మావాడిలో ఏ ప్రతిభ దాగి ఉందండీ అని అడిగేవాళ్లు తయారయ్యారు. ఏ ప్రతిభా లేకపోవచ్చు. బహుమతి తెచ్చేదే బలం కానక్కర్లేదు. గేదెల్ని మచ్చిక చేసుకోవడం, చిన్నపిల్లల్ని ఆడించడం, కొట్టుకొచ్చినవాళ్లతో నవ్వుతూ మాట్లాడటం ఇవన్నీ బలాలే.

ఒక్కోసారి ఆ బలమే లోపాన్ని కప్పేస్తుంది. నాలుగో తరగతి ఆడపిల్ల ఒకతె పాఠం గడగడా అప్పజెప్పేది. పుస్తకం మధ్యలో ఒక మాట మీద వేలుపెట్టి ఇదేమిటని అడిగితే, పాఠం మొదటినుంచి గొణుక్కుంటూ అక్కడికి వచ్చింది. చదవడం లేదు, పక్కవాళ్లు చదివింది విని అంతా కంఠస్థం చేసింది. నెమ్మదైన పిల్ల కనక ఎవరూ అనుమానించలేదు. అల్లరి చేసే మగపిల్లలు త్వరగా బయటపడతారు, ఇలాంటి ఆడపిల్లలు పడరు. ఆ జ్ఞాపకశక్తినే ఆసరా చేసుకుని, ఆమెకు నోటికొచ్చిన పాఠాన్నే మాట మాటకీ కత్తిరించి, కలిపేసి, మళ్లీ వరసలో పేర్పించమని తల్లికి చెప్పాను. అప్పుడుగాని ఆ పిల్ల కళ్లు అక్షరం మీద నిలవలేదు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం అభ్యసన లోపాన్ని కూడా గుర్తించింది. ఎనిమిదేళ్లు నిండాక పరీక్ష చేసి ధ్రువపత్రం ఇస్తారు. పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి వంటి వెసులుబాట్లకు అది ఆధారం. ముద్ర పడుతుందని కొందరు తల్లులు వెనకాడతారు. మొద్దు అన్న ముద్ర బళ్లో ఎప్పుడో పడింది కదమ్మా, ఈ కాగితం దాన్ని చెరపడానికే అంటాను.

మీ ఇంట్లో మూడో తరగతి పిల్లవాడు చదవమంటే కడుపునొప్పి అంటుంటే టానిక్కుకి డబ్బు పెట్టకండి. ముందు కళ్లూ చెవులూ చూపించండి. అవి బాగుంటే మండల భవిత కేంద్రానికి తీసుకెళ్లండి, అక్కడ డబ్బు అడగరు. వెళ్లేటప్పుడు మీవాడికి ఏది ఇష్టమో, ఏ పని చెప్పకుండానే చేస్తాడో ఒక కాగితం మీద రాసి టీచరుకి ఇవ్వండి.