పచ్చితోలు – పాదరక్ష

ఆ మధ్య మేము తమిళనాట పాలారు తీరమందలి వాణియంబాడికి పోయి, తోళ్లు పదునుచేయు కార్ఖానా నొకదానిని చూచితిమి. లోన నడుగిడగనే దుర్వాసన సోకి, పైటచెంగు ముక్కున కడ్డుపెట్టుకొంటిమి. పని చేయుచున్న యొక యమ్మ నవ్వి, "మీ చేతిసంచికి ఇదే పుట్టిల్లమ్మా!" అనెను. మేము సిగ్గుపడి చెంగు దించితిమి.

ఉప్పు చల్లి తెచ్చిన పచ్చితోళ్లను మొదట నీట నానవేయుదురు. పిమ్మట సున్నపునీటి తొట్లలో నుంచగా వెండ్రుకలు వదులగును. వానిని, లోపల నంటిన మాంసమును గీకివేసి, సున్నము పోవునట్లు కడుగుదురు. అసలు పదును అటుపిమ్మటనే. పూర్వ మిచ్చట తంగేడుపట్టయు కరక్కాయయు వాడెడివారు. వాని వగరు తోలున కెక్కి కుళ్లనీయదు. కాని వారములు పట్టును. నేడు పెక్కుచోట్ల క్రోమియపు లవణములతో ఒకటిరెండు దినములలోనే ముగియును. తరువాత నూనె పట్టించి, ఆరవేసి, రంగును మెరుగును పెట్టి, కోసి కుట్టుదురు.

బతుకమ్మను పేర్చు తంగేటిపూలు ఆ పట్ట నిచ్చు చెట్టువే గదా! పూవును కన్నుల కద్దుకొని, పట్టతో పనిచేయు చేతిని ఏవగించుకొనుట న్యాయమా?

ఆ తొట్ల మురుగు పాలారును, చుట్టుపట్ల నూతులను చెరచెను. కాలుష్యము చేసినవారే నష్టము నీయవలెనని సుప్రీముకోర్టు 1996లో తీర్పు చెప్పెను. మన చెప్పుల వెలలో ఆ యూళ్ల మంచినీరును గలదు.

కావున తెగిన చెప్పును పారవేయక కుట్టించుకొందము; కుట్టినవానితో కూలికై బేరమాడకుందము.