సందుగలో దొరికిన కాగితం

పాత ఇల్లు కూల్చే ముందు సామాను తీస్తుంటే తాత సందుగ అడుగున ఒక గుడ్డమూట.
వంశవృక్షం రాద్దామని ఆర్నెల్లుగా పాత కాగితాల కోసం తిరుగుతున్నా కదా, పండగే అనుకున్నా.

విప్పితే అన్నీ ప్రోనోట్లు. రెవెన్యూ స్టాంపుల మీద వేలిముద్రలు.

ఒక కాగితం మాత్రం వేరు. మూడొందల అప్పుకి వడ్డీ కింద కొడుకుని మా ఇంట్లో జీతం ఉంచుతున్నానని ఒకాయన ఒప్పుకున్నట్టు తాత రాశాడు.
ముత్యాల్లాంటి అక్షరాలు. నాకు ఓనమాలు దిద్దించింది ఆ చెయ్యే.

తేదీ 1978.
వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లోనే వచ్చింది. దాని ప్రకారం అలాంటి బాకీలు అసలు చెల్లవు. పట్వారీగిరీ చేసిన మనిషికి ఆ సంగతి తెలియదా?

"గప్పుడు అందరు గంతే కదరా" అన్నాడు బాపు.
అందరూ అంటే? వేలిముద్ర వేసినాయన కూడానా?

ఆ కొడుకు నాకు తెలుసు. చిన్నప్పుడు నన్ను భుజాల మీద ఎక్కించుకుని చెరువు దాకా తీసుకెళ్లేవాడు. నాకంటే చాలా పెద్దవాడు. నేను 'రా' అనేవాణ్ణి. ఆయన నన్ను 'చిన్న దొరా' అనేవాడు.

తాత మీద ప్రేమ పోలేదు. ఇబ్బందంతా అక్కడే.

ఆ కొడుకు ఇప్పటికీ ఊళ్లోనే ఉన్నాడు. ఈ కాగితం తీసుకెళ్లి చేతిలో పెట్టాలా?
పెడితే అది ఆయన కోసమా, నా మనసు తేలికపడటం కోసమా?

ఇలాంటిది మీ ఇంట్లో బయటపడి ఉంటే, ఏం చేశారో చెప్పండి.