హిరా కొండ నేర్పే విరామం

మస్జిదుల్ హరామ్‌కు ఈశాన్య దిశలో సుమారు 4 కిలోమీటర్ల దూరాన జబలున్నూర్ నిలిచి ఉంది. సముద్ర మట్టానికి దాదాపు 640 మీటర్ల ఎత్తు గల ఈ కొండ శిఖరం దూరం నుంచి ఒంటె మూపురంలా కనిపిస్తుంది. చెట్టూ చేమా లేని రాతి కొండ. దీని పైభాగంలోనే హిరా గుహ ఉంది. క్రీ.శ. 610లో, తన నలభయ్యవ ఏట, దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం)కు తొలి వహీ అందిన చోటు ఇదే.

కొండ దిగువన 2023లో ప్రారంభమైన హిరా సాంస్కృతిక ప్రాంగణంలో వహీ చరిత్రను తెలిపే ప్రదర్శనశాల ఉంది. అక్కడి నుంచి పైకి వెళ్లాలంటే వెయ్యికి పైగా మెట్లు ఎక్కాలి. ఎండ ముదరక ముందే ఫజ్ర్ నమాజు తర్వాత బయలుదేరడం మేలు. మోకాళ్ల నొప్పులు, గుండె జబ్బులు ఉన్నవారు ఎక్కలేకపోయామని బాధపడనవసరం లేదు. హజ్, ఉమ్రా విధుల్లో ఈ కొండ ఎక్కడం భాగం కాదు. ఇక్కడికి వచ్చేది పుణ్యం లెక్కించుకోవడానికి కాదు, ఆలోచించడానికి.

మా బృందంలో హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే యువకుడొకరు, ఇటీవలే పదవీ విరమణ పొందిన ప్రధానోపాధ్యాయుడొకరు ఉన్నారు. సగం దారిలో విశ్రాంతికి కూర్చున్నప్పుడు యువకుడి ఫోను మూడుసార్లు మోగింది. మూడుసార్లూ అతను లేచి పక్కకు వెళ్లి మాట్లాడి వచ్చాడు. "సెలవు పెట్టాను మౌలానా సాబ్, కానీ సెలవు దొరకలేదు" అన్నాడు నవ్వుతూ. ఆ మాటకు పెద్దాయన నవ్వలేదు. "నా సంగతి వేరు బాబూ. ఇన్నేళ్లూ 'హెడ్మాస్టరు గారూ' అన్న పిలుపే నా పేరయింది. ఇప్పుడు ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే వేరెవరినో పిలుస్తున్నట్లుంటుంది" అన్నారు.

ఒకరికి పని ఆగడం లేదు. మరొకరికి పని ఆగిన తర్వాత తానెవరో తెలియడం లేదు. చూడటానికి రెండు బాధలు, మూలం మాత్రం ఒక్కటే. చేసే పనినే తన ఉనికిగా భావించిన మనిషికి విరామం కూడా నష్టంలాగే తోస్తుంది.

శిఖరం దాటి కొంచెం కిందికి దిగి, బండల మధ్య ఇరుకు సందులోంచి వెళితే గుహ వస్తుంది. పొడవు సుమారు 3.7 మీటర్లు, వెడల్పు 1.6 మీటర్లు. ఒక మనిషి నిలబడి ఆరాధించుకోవడానికి సరిపోయే చోటు. ఇక్కడికి వచ్చే నాటికి మహాప్రవక్త (సఅసం) మక్కాలో పేరున్న వర్తకులు, భర్త, తండ్రి, నగరవాసులు 'అల్ అమీన్' అని గౌరవించిన వ్యక్తి. ఆ గుర్తింపులన్నీ కింద ఉన్న నగరంలోనే ఉండిపోయేవి. గుహలో మిగిలేది దాసుడు, అతని ప్రభువు.

హజ్రత్ ఆయిషా (రజి) తెలిపిన హదీసులో గమనించదగిన వివరం ఒకటుంది. ఆయనకు ఏకాంతం ప్రియమైంది. కొన్ని రాత్రులకు సరిపడా ఆహారం వెంట తెచ్చుకునేవారు. అది అయిపోగానే హజ్రత్ ఖదీజా (రజి) వద్దకు తిరిగి వెళ్లి, మళ్లీ అంత ఆహారం తీసుకుని వచ్చేవారు. అంటే ఆ ఏకాంతానికి హద్దు ఉంది, ఇంటికి తిరుగు దారి ఉంది. అది సంసారం నుంచి పారిపోవడం కాదు.

తొలి వహీ భారంతో వణుకుతూ ఇల్లు చేరినప్పుడు ఖదీజా (రజి) చెప్పిన ఓదార్పును కూడా మనం మరోసారి గుర్తు చేసుకోవాలి. ఆయన వ్యాపార దక్షతను ఆమె కంటే బాగా ఎరిగినవారు లేరు, ఆమె సరుకుతోనే ఆయన సిరియాకు వెళ్లి వచ్చారు. అయినా ఆ క్షణంలో ఆమె లాభాల ప్రస్తావన తేలేదు. బంధుత్వాలను నిలుపుతారని, బలహీనుల భారం మోస్తారని, అతిథులను ఆదరిస్తారని, అందుకే అల్లాహ్ మిమ్మల్ని ఎన్నడూ అవమానపరచడని ధైర్యం చెప్పారు. మనిషి విలువకు ఆమె ఎంచుకున్న కొలమానం అది. ఉద్యోగం పోయినా, పదవి ముగిసినా ఆ విలువ పోదు. పెద్దాయనకు ఆ గుహ ముందు నేను చెప్పగలిగింది ఇదొక్కటే. ఆయన చాలాసేపు మౌనంగా ఉండి, "అయితే నాకింకా పని ఉందన్నమాట" అన్నారు.

వారం రోజుల ఏకాంతం అందరికీ సాధ్యం కాదు. దినకూలీ చేసే సోదరుడికి ఒక రోజు ఆగితే పొయ్యి వెలగదు. అందుకే మన ధర్మం విరామాన్ని కొండ మీదే ఉంచలేదు, రోజుకు అయిదు పూటలకు పంచింది. జుమా పిలుపు వినగానే వ్యాపారం ఆపమన్న దివ్య ఖుర్ఆన్, నమాజు ముగిశాక భూమిపై విస్తరించి అల్లాహ్ అనుగ్రహాన్ని అన్వేషించమని కూడా చెప్పింది. ఆగడమూ ఆజ్ఞే, సాగడమూ ఆజ్ఞే. ఆరాధనలో సైతం అతికి పోయిన అబూ దర్దా (రజి)కు, ప్రభువుకే కాక నీ ప్రాణానికీ నీ ఇంటివారికీ నీపై హక్కు ఉందని సల్మాన్ (రజి) గుర్తు చేశారు. ఆ మాటను ప్రవక్త (సఅసం) సమర్థించారు.

మగ్రిబ్ నుంచి ఇషా దాకా ఇంట్లో ఫోన్లన్నీ ఒక మూలన ఉంచితే ఆ హక్కులో కొంత చెల్లినట్లే. రమజాన్ చివరి పది రోజుల ఎతెకాఫ్‌కు సెలవు ముందుగానే అడగవచ్చు. అయితే ఒక సంగతి మరువరాదు. ఇంటి ఇల్లాలి పనికి సెలవు రాసిచ్చే అధికారి లేడు. ఇంట్లో ఉన్నప్పుడు ప్రవక్త (సఅసం) ఇంటివారి పనుల్లో పాలుపంచుకునేవారు. ఆ సున్నత్‌ను పాటిస్తే ఆమెకూ కాసేపు ఏకాంతం దొరుకుతుంది.

మనం చేసే పనిలో బర్కత్‌ను, పని ఆపిన వేళ మనశ్శాంతిని, రెండింటిలోనూ తన స్మరణను అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.