ఇల్లు మారాం, 37 రాలేదు

మన క్లబ్ పాత సంచికలన్నీ అను ఫాంట్లలో ఉన్నాయి. వాటిని యూనికోడ్‌లోకి మార్చడానికి ఒక సీనియర్ అన్న పైథాన్‌లో రాసిన ప్రోగ్రామ్ ఉంది, ఓపెన్ సోర్స్. గిట్‌హబ్‌లో ఆయన సొంత అకౌంట్‌లో ఉండేది. ఉద్యోగంలో చేరాక అన్న ఫోన్ చేసి, "ఆ అకౌంట్ తీసేస్తున్నా. ఆదివారం రాత్రిలోపు మీరే ఎక్కడికైనా తీసుకెళ్లండి రా" అన్నాడు.

క్లబ్ పేరు మీదకి ట్రాన్స్‌ఫర్ చేయించుకుంటే 5 నిమిషాల పని. కానీ మావాళ్లు కోడ్‌బర్గ్ అన్నారు. బెర్లిన్‌లో సభ్యులు నడుపుకునే లాభాపేక్ష లేని సంస్థ అది. గూగుల్ కోడ్ అంతటిదే 2015లో మూసేస్తున్నాం అని చెప్పి 2016 జనవరిలో మూతపడింది కదా, ఉచితంగా ఇచ్చిన ఇంట్లో ఎన్నాళ్లని ఉంటాం? (కోడ్‌బర్గ్ కూడా ఉచితమే అని అప్పుడు నాకు తట్టలేదు.)

శనివారం రాత్రి హాస్టల్‌లో కూర్చుని మిర్రర్ క్లోన్ చేసి కొత్త చోటికి పుష్ చేశా. నిమిషంలో అయిపోయింది. గిట్‌లో ప్రతి కాపీలోనూ పూర్తి చరిత్ర ఉంటుంది కాబట్టి మొదటి కమిట్ నుంచి అన్నీ వచ్చేశాయి. గర్వంగా అన్నకి మెసేజ్ పెట్టా. "ఇష్యూలు వచ్చాయా?" అని ఒకటే ప్రశ్న.

రాలేదు. ఇష్యూలు గిట్‌లో ఉండవు, హోస్టింగ్ వాళ్ల డేటాబేస్‌లో ఉంటాయి. మా కోడ్‌లో క్రావడిని సరిచేసే చోట ఉన్న కామెంట్ "37 చూడు" అని, అంతే. ఆ 37లో ఉన్నది గుంటూరులో డీటీపీ చేసే ఒక అంకుల్ రాసిన వివరణ. ఏ కీ నొక్కితే ఏ ఒత్తు పడుతుందో నోట్‌బుక్ కాగితం మీద పట్టిక గీసి ఫోటో పెట్టారు. 20 ఏళ్లుగా ఆయన వేళ్లకి అలవాటైన విషయం అది. మాకు ఇంకెక్కడా దొరకలేదు. ఆయన ఇప్పుడు మెయిల్స్‌కి జవాబివ్వడం లేదు.

కొత్త రిపో డిలీట్ చేసి, అన్న దగ్గర టోకెన్ తీసుకుని, ఈసారి ఇష్యూలతో సహా దిగుమతి చేశా. అన్నీ వచ్చాయి, అంకుల్ పేరుతో సహా. హమ్మయ్య అనుకుని 37లో ఫోటో మీద నొక్కితే పాత ఇంటి అడ్రస్సే! బొమ్మ అక్కడే ఉండిపోయింది, ఇక్కడికొచ్చింది లింకు మాత్రమే.

ఆదివారం మెస్‌లో పూరీ కూడా వదులుకుని, నేనూ మా రూమ్మేటూ ఒక్కో ఫోటో దించి రిపోలోనే ఒక ఫోల్డర్‌లో పెట్టి కమిట్ చేశాం. "37 చూడు" తీసేసి అంకుల్ రాసిందంతా కోడ్ పక్కనే ఎక్కించాం. ఆ కాగితం మూల టీ మరక ఉంది. క్రాప్ చేద్దామా అన్నాడు మావాడు. వద్దన్నా.