బొమ్మల యుద్ధము

ఆంగ్ల రచయిత హెచ్. జి. వెల్స్ 1913లో ‘లిటిల్ వార్స్’ అను గ్రంథమున బొమ్మల యుద్ధమునకు నియమములను కూర్చెను. గది నేలయే రణరంగము. సీసపు బొమ్మలే సైనికులు. ఆట ఫిరంగి నుండి వెడలు కొయ్యముక్కయే గుండు. మరుసటి యేడే ఐరోపాలో నిజమైన మహాయుద్ధము చెలరేగెను.

నేడు ఈ క్రీడను బల్లలపై ఆడుదురు. బ్రిటనులో 1983లో వెలువడిన ‘వార్‌హామర్’ వీనిలో ప్రసిద్ధమైనది. ఆటగాండ్రు ప్లాస్టిక్ భాగములను అతికించి, సన్నని కుంచెతో రంగులద్ది, ఒక్కొక్క బొమ్మకు గంటలు వెచ్చింతురు. సేన పెరిగినకొలది వ్యయమును పెరుగును. గెలుపే కోరువాడు బలమైన బొమ్మలకై ధనము ధారవోయును. నియమములు మారినచో ఆ బలము తరుగును. స్వహస్తముతో సేనను తీర్చుకొన్నవాని ఆనందము మాత్రము ఓటమితో పోదు.

ఎదుటివాడు శత్రువు కాడు. అతడు లేనిదే ఆట లేదు. ఆట ముగియగనే కూలిన సైనికులందరును లేచి పెట్టెను చేరుదురు. నిజమైన యుద్ధమున ఆ భాగ్యము లేదు.