పినాకినీ తీరంలో బెండు గాలం: కెలవరపల్లి నుంచి కృష్ణగిరి ఆనకట్ట దాకా

కర్ణాటకలోని నందికొండల్లో పుట్టి, బెంగళూరు నగరపు తూర్పు శివార్లను ఒరుసుకుంటూ దక్షిణానికి దిగే దక్షిణ పినాకిని, తెన్‌పెణ్ణై అనే తమిళపు పేరుతో హోసూరు ప్రాంతంలో ప్రవేశించి, కృష్ణగిరి జిల్లా మీదుగా సాగి, కడలూరు దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. ఈ నది మీద హోసూరుకు దగ్గరలో కెలవరపల్లి ఆనకట్ట, కృష్ణగిరికి దగ్గరలో కేఆర్‌పీ డ్యామ్ అని అందరూ పిలిచే కృష్ణగిరి ఆనకట్ట ఉన్నాయి. ఈ రెండు పట్టణాల నడుమ జాతీయ రహదారి వెంట దూరం సుమారు 50 కిలోమీటర్లే అయినా, హోసూరు పీఠభూమి మీద, కృష్ణగిరి దాని దిగువన ఉండడం వల్ల నీటి చల్లదనంలోనూ చేప మేత పట్టే వేళల్లోనూ తేడా కనిపిస్తుంది. తెలుగు, తమిళం, కన్నడం ఒకే రచ్చబండ మీద వినిపించే మొరసునాడు అనే ఈ ప్రాంతంలో చెరువు కట్టల మీదా ఆనకట్టల అంచుల మీదా సాగే బెండు గాలపు వేటను, దానికి తగిన సామగ్రిని పరిశీలించడం ఈ పర్యటన ఉద్దేశం.

బెండు గాలం అంటే, దారానికి నీటిపై తేలే తేలికైన కాడను కట్టి, దాని కింద ఎర గుచ్చిన కొక్కేన్ని కావలసిన లోతులో వేలాడదీసి, ఆ కాడ కదలికను బట్టి చేప మేతను గుర్తించే పద్ధతి. ఇంగ్లండ్‌లో సాల్మన్, ట్రౌట్ జాతులను మినహాయించి మిగిలిన మంచినీటి చేపలను కోర్స్ ఫిష్ అని వ్యవహరిస్తారు. కార్ప్, టెంచ్, బ్రీమ్, రోచ్ వంటివి ఆ కోవలోకి వస్తాయి. ఆ దృష్టితో చూస్తే పినాకిని నీళ్లలో దొరికే బొచ్చె, రోహు, మోసు, బంగారుతీగ, పరిగె, జెల్ల, జిలేబి చేపలన్నీ ఆ తరగతికి చెందినవే. ఇంగ్లండ్ వేటగాళ్లు రెండు మూడు శతాబ్దాలుగా పోగుచేసుకున్న సామగ్రి జ్ఞానం ఇక్కడికి నేరుగా అన్వయించడానికి కారణం అదే.

కెలవరపల్లి దగ్గర ముందుగా చెప్పుకోవలసింది నీటిని గురించి. బెంగళూరు మురుగు, పరిశ్రమల వ్యర్థాలు కలిసిన నీరు ఈ జలాశయానికి చేరడం వల్ల, వానలు పడి గేట్లు ఎత్తినప్పుడు దిగువన తెల్లటి నురగ గుట్టలుగా లేచి రోడ్ల మీదికి సైతం వచ్చిన సందర్భాలు పత్రికల్లో పదే పదే నమోదయ్యాయి. ఇటువంటి నీటిలో మొదట పలచబడేవి సున్నితమైన స్థానిక జాతులు. తక్కువ ప్రాణవాయువుతో సరిపెట్టుకోగల జిలేబి చేప మాత్రం నిలదొక్కుకుంటుంది. ఆఫ్రికాకు చెందినదై 1952లో మన దేశానికి వచ్చిన ఈ తిలాపియా జాతి దక్షిణాది జలాశయాలలో ఎంతగా వ్యాపించిందంటే, గాలం పట్టే పిల్లలకు తొలి చేప దాదాపుగా అదే అవుతుంది. వేట నేర్చుకోవడానికి కెలవరపల్లి మంచి చోటే కానీ, నురగ లేచే రోజుల్లో పట్టిన చేపను ఇంటికి తీసుకుపోవడం తెలివైన పని కాదు.

కట్ట మీద కనిపించే గాలాల్లో రెండు తరాలు పక్కపక్కనే ఉంటాయి. పాత తరానిది పచ్చి వెదురును నీడలో ఆరబెట్టి, కణుపులు గీకి, కొసన తంగూసు కట్టిన గెడ. తమిళనాట నైలాన్ దారానికి తంగూసు అన్నది వాడుక మాట. పర్యటనలో దగ్గరగా చూసిన అటువంటి ఒక గాలానికి, ఎండిన జొన్న దంటు లోపలి మెత్తని బెండును చిటికెన వేలంత పొడవున కోసి, ఒక కొసను కాస్త సన్నగా చెక్కి, దారాన్ని బెండులో దూర్చకుండా సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కతో బిగించారు. రబ్బరును జరిపితే చాలు, లోతు మారుతుంది. బెండు పైకొసకు గోళ్ల రంగు పూశారు. ఇంగ్లండ్ దుకాణాలలో అమ్మే బెండ్లకు సిలికాన్ రబ్బరు గొట్టాలు చేసే పని సరిగ్గా ఇదే.

కొత్త తరం చేతిలో ఉండేది ఒకదానిలో ఒకటి దూరి ముడుచుకునే ఫైబర్ గెడ, గుండ్రటి ప్లాస్టిక్ బెండు, లావుపాటి తంగూసు. ఈ సామగ్రిలో చూడగానే కనిపించే లోపం బెండులోనే ఉంది. బంతి ఆకారపు బెండు నీటి మీద ఎక్కువ భాగం తేలుతూ ఉంటుంది కాబట్టి దాన్ని ముంచడానికి చేప చాలా బలం పెట్టవలసి వస్తుంది. పరిగె, చిన్న జిలేబి వంటివి ఎరను నోట పెట్టుకుని, ఆ ప్రతిఘటన తెలియగానే ఉమ్మేసి పోతాయి. బెండు ఎంత సన్నగా పొడవుగా ఉంటే, ఎంత తక్కువ మొన నీటిపై మిగిలితే, చేపకు అంత తక్కువ అనుమానం కలుగుతుంది. బెండు వేటలో సామగ్రి ఎంపికంతా ఈ ఒక్క సూత్రం చుట్టూనే తిరుగుతుంది. మిగిలినవన్నీ దానికి అనుబంధాలే.

బెండును అలా ముంచి ఉంచేవి సీసపు గుండ్లు. సగానికి చీలిన ఈ చిన్న గుండ్లను దారం మీద పళ్లతో కాకుండా పటకారుతో నొక్కి బిగిస్తారు. బీబీ అనే గుండు బరువు 0.4 గ్రాములు, 8వ నంబరు గుండు 0.06 గ్రాములు. ఒక బెండు మీద నాలుగు బీబీలు అని రాసి ఉంటే అది 1.6 గ్రాములను మోస్తుందని అర్థం. మూడు బీబీలను బెండు పక్కనే బిగించి, నాలుగోదానికి బదులు ఆరు 8వ నంబరు గుండ్లను కొక్కెం వైపు దూరం దూరంగా పెడితే మొత్తం 1.56 గ్రాములై, మొన మాత్రమే నీటిపై నిలుస్తుంది. ఎర కూడా నీటిలో బరువుగా పడకుండా నెమ్మదిగా దిగుతుంది. అలా దిగే ఎరనే మధ్య నీటిలో తిరిగే రోహు అందుకుంటుంది. ఇంత సూక్ష్మపు లెక్క వెదురు గెడకు ఎందుకు అని అనిపించవచ్చు గానీ, చేతిలో ఉన్న గెడ ఏదైనా చేప నోటికి తగిలేది ఆ చివరి జానెడు దారమే.

బెండ్లలో రెండు ప్రధాన రకాలు ఉన్నాయి. కింది కొసన మాత్రమే దారానికి తగిలించేది వాగ్లర్. పైనా కిందా రెండు చోట్ల దారానికి బిగించేది స్టిక్ ఫ్లోట్. ఆనకట్ట జలాశయాల మీద మధ్యాహ్నానికి గాలి లేచి అలలు కట్టడం మామూలు కాబట్టి, గెడ కొసను నీటిలో ముంచి దారాన్ని అలల కిందికి దింపడానికి వీలిచ్చే వాగ్లరే అక్కడ తగినది. ఆనకట్టకు దిగువన, మరవ దాటిన తరువాత రాళ్ల మధ్య పారే నీటిలో మాత్రం, ప్రవాహంతో పాటు బెండును నడిపిస్తూ మధ్య మధ్య కాస్త పట్టి ఆపవలసి ఉంటుంది గనుక, స్టిక్ ఫ్లోట్ లేకుండా పని సాగదు. వాగ్లర్ తయారీకి ఇంగ్లండ్‌లో చాలాకాలం వాడిన ముడిసరుకులు రెండు మన దేశానివే: ఒకటి నెమలి ఈక కాడ, మరొకటి ఉత్తర భారతంలో సర్కండా అని పిలిచే రెల్లు జాతి గడ్డి కాడ. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద సహజంగా రాలిన నెమలి తోక ఈకలను దేశంలో వాడుకోవచ్చు, ఎగుమతి మాత్రం చేయకూడదు. హోసూరు చుట్టుపక్కల పొలాల్లో ఆ ఈకలు రాలి దొరుకుతూ ఉండగా దుకాణంలో ప్లాస్టిక్ బంతి కొనడం వింతగానే ఉంటుంది.

గాలం మీద పుస్తకాలు రాసిన సంప్రదాయం ఈ ప్రాంతానికి పరాయిది కాదు. కల్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో సంస్కృతంలో కూర్చిన మానసోల్లాసంలో మత్స్యవినోదం ఒక ప్రకరణం. చేపల జాతులు, వాటికి వేసే ఎరలు, గాలపు తీరు అందులో వివరంగా ఉన్నాయి. మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన హెన్రీ సల్లివన్ థామస్ 1873లో మన దేశపు గాలపు వేట మీద పెద్ద గ్రంథం ప్రచురించి, 1887లో కేవలం చెరువుల వేట మీదనే మరొక పుస్తకం వెలువరించాడు. కొండ నదుల మహాసీర్ చేప మీద మోజుతో ఉన్న తెల్లదొరలకు ఊరి చెరువులో బెండు వేసి కూర్చోవడం కూడా వేటేనని చెప్పడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు.

ఎరల విషయంలో హోసూరు ప్రాంతానికి ఒక ప్రత్యేకత ఉంది. ఇక్కడి ప్రధాన ఆహారమైన రాగి ముద్దే ఇక్కడి ప్రధాన ఎర. కావేరిలో మహాసీర్ కోసం రాగి పిండిని గట్టిగా ఉడికించి ఉండలు చేసి వేయడం దేశవిదేశాల వేటగాళ్లందరూ నేర్చుకున్న పద్ధతి; అదే పిండిని బఠాణీ గింజంత చేసి బంగారుతీగకూ మోసుకూ వాడతారు. ఉండ మరీ మెత్తగా ఉంటే కొక్కెం నుంచి జారిపోతుంది, మరీ గట్టిగా ఉంటే లాగినప్పుడు కొక్కెం మొన బయటికి రాదు. జెల్లకూ జిలేబికీ ఎర్ర, అంటే వానపాము, ఉత్తమం. కొక్కెం పరిమాణం ఆశించే చేపను బట్టే కాక ఎరను బట్టి కూడా ఉండాలి. కొక్కేల నంబర్లు పెరిగే కొద్దీ పరిమాణం తగ్గుతుందని కొత్తవారు గుర్తుంచుకోవాలి: పరిగెకు 16 లేదా 18, జిలేబికి 12 లేదా 14, రాగి ఉండకు 8 లేదా 6 సరిపోతాయి. దారం కూడా అంతే, పరిగెకు 0.12 మిల్లీమీటర్ల మందం, బంగారుతీగకు 0.20 నుంచి 0.25 దాకా చాలు.

కృష్ణగిరి ఆనకట్ట కామరాజ్ ముఖ్యమంత్రిగా ఉన్న 1950ల చివరిలో వాడుకలోకి వచ్చింది. దాని పూర్తి నీటిమట్టం 52 అడుగులు. ఆనకట్ట పక్కన పార్కు, పార్కు దగ్గర చేపల వేపుడు అంగళ్లు. ఇక్కడికి వచ్చేవారిలో ఎక్కువమందికి చేపతో పరిచయం ఆ పెనం దగ్గరే మొదలై అక్కడే ముగుస్తుంది. జిల్లాలోనే బారూరులో తమిళనాడు మత్స్య విశ్వవిద్యాలయానికి చెందిన చేపల పెంపకపు కేంద్రం ఉంది. బొచ్చె, రోహు, మోసు పిల్లలు ఇంత విరివిగా చెరువులకూ జలాశయాలకూ చేరడానికి మూలం 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి హార్మోను సూదితో ఈ జాతుల చేపల చేత గుడ్లు పెట్టించడంలో సాధించిన విజయం. అంతకు ముందు ఎక్కువగా వరద నదుల నుంచి పిల్లలను ఏరి తేవడం మీదే ఆధారపడేవారు. బంగారుతీగ మాత్రం బయటి నుంచి వచ్చినది: 1939లో నీలగిరులకు చేరింది, తరువాతి కాలంలో దక్షిణాది నీళ్లలోకి పాకింది.

ఈ చేపలు నీటిలో పొరలు పంచుకుని మేస్తాయి. బొచ్చె పైపొరలో, రోహు మధ్యలో, మోసు, బంగారుతీగ అడుగున. కాబట్టి లోతు సరిచూసుకోకుండా బెండు వేయడం గుడ్డిగా వేయడమే. కొక్కేనికి బరువైన సీసం ముక్క తగిలించి నీటిలో వేసినప్పుడు బెండు మునిగిపోతే లోతు తక్కువగా పెట్టినట్లు, అడ్డంగా పడుకుంటే ఎక్కువగా పెట్టినట్లు; మొన మాత్రమే కనిపించే దాకా రబ్బరును జరపాలి. ఆనకట్టలో నీరు సాగుకు వదిలినప్పుడల్లా మట్టం మారుతుంది. 2017 నవంబర్‌లో ఆనకట్ట గేటు ఒకటి తెగిపోయినప్పుడైతే నీరు చాలా వేగంగా దిగిపోయింది. నిన్న పెట్టిన లోతు ఇవాళ పనికి రాదన్నది ఇక్కడి పెద్దవాళ్లకు అలవాటుగా తెలిసిన విషయం.

అడుగున మేసే చేపకు ప్రత్యేకమైన అమరిక ఒకటి ఉంది. కొక్కేనికి రెండు మూడు అంగుళాల పైన ఒక్క గుండును అడుగు నేలకు ఆనేలా పెడితే, బంగారుతీగ ఎరను తీసుకుని తల ఎత్తగానే గుండు కూడా లేచి, అంతవరకు దాని బరువుతో నిలబడ్డ బెండు పైకి తేలి నీటి మీద పడుకుంటుంది. బెండు మునగడమే మేత అనుకునే కొత్తవారు ఆ క్షణంలో చూస్తూ ఊరుకుంటారు, గుంజవలసింది అప్పుడే. రోహు మేతలో బెండు పక్కకు నడుస్తుంది, జిలేబి మేతలో వణుకుతుంది, జెల్ల మేతలో ఒక్క ఊపున మునుగుతుంది. ఈ తేడాలన్నీ సన్నని బెండు మీదే కనిపిస్తాయి, ప్లాస్టిక్ బంతి మీద కనిపించవు.

సీసం విషయంలో ఒక హెచ్చరిక అవసరం. ఇంగ్లండ్‌లో నీటి అడుగున వదిలేసిన గుండ్లను గులకరాళ్లతో పాటు మింగి హంసలు సీసపు విషంతో చనిపోతున్నాయని తేలిన తరువాత, 1987 నుంచి 0.06 గ్రాములకు పైబడి ఒక ఔన్సు వరకు ఉండే సీసపు గుండ్ల వాడకాన్ని నిషేధించారు. బాతులూ కొంగలూ తిరిగే మన చెరువుల్లో కూడా ఆ ప్రమాదం ఉండేదే. సీసం లేని గుండ్లు దొరికితే అవే వాడాలి. తెగిన తంగూసును కట్ట మీద వదలక చుట్టి తెచ్చుకోవాలి, ఎందుకంటే పక్షుల కాళ్లకూ పశువుల గిట్టలకూ అది ఉరి అవుతుంది. చెరువుల్లో, జలాశయాల్లో చేపల హక్కును గుత్తకు ఇచ్చే పద్ధతి ఉన్నందున, గాలం వేయడానికి ముందు గుత్తదారునో మత్స్యశాఖనో అడగాలి.

కొత్తగా మొదలుపెట్టేవారు పది పన్నెండు అడుగుల వెదురు గెడ, నెమలి ఈక కాడతో చేసిన బెండు, 0.16 మిల్లీమీటర్ల తంగూసు, 12, 14 నంబరు కొక్కేలు కొన్ని, ఒక డబ్బా చిన్న గుండ్లు తెచ్చుకుంటే సరిపోతుంది; రీలు మరుసటి ఏడాది కొనుక్కోవచ్చు.