హీత్ అన్నదమ్ముల తాళం

నాకు జాజ్ పరిచయమైంది దొడ్డిదారిన. ఇంజనీరింగ్ హాస్టల్లో హార్డ్ డిస్కులు చేతులు మారే రోజుల్లో నాజ్ అనే ర్యాపర్ ఆల్బమ్ "ఇల్‌మాటిక్" నా దగ్గరికొచ్చింది. 1994 నాటిది. అందులో "వన్ లవ్" అని ఒక పాట. జైల్లో ఉన్న స్నేహితులకి బయట ఉన్నవాడు రాసే ఉత్తరాలు, అదే పాటంతా. మాటలు సగమే అర్థమయ్యేవి. వాటి కింద మాత్రం ఒక శబ్దం, లోహపు రేకుల్ని బొటనవేళ్ళతో మీటుతున్నట్టు, ఆగకుండా తిరుగుతూ ఉండేది. ఉద్యోగంలో చేరిన చాన్నాళ్ళకి ఆ శబ్దం ఎక్కడిదో వెతికాను. ఎవరో రాసిన కోడ్ తెరవగానే ఏ లైను ఎవరు రాశారో చూడటం మా వృత్తిలో అలవాటు. పాటల విషయంలోనూ నాకదే జబ్బు.

అది 1975లో రికార్డు చేసిన "స్మైలిన్ బిల్లీ సూట్"లో రెండో భాగం. ఆల్బమ్ "మార్చిన్ ఆన్". వాయించింది హీత్ బ్రదర్స్. ఆ రేకులు మీటుతున్నది స్టాన్లీ కవెల్ అనే పియానిస్టు, ఎంబీరా అనే ఆఫ్రికా వాయిద్యం మీద. రాసింది జిమ్మీ హీత్, టెనర్ శాక్సోఫోన్ వాయించేది ఆయనే. బేస్ మీద ఆయన అన్న పర్సీ. డ్రమ్స్ మీద తమ్ముడు ఆల్బర్ట్, అందరూ టూటీ అనేవారు.

ఇంకాస్త తవ్వితే ఇంకో సంగతి. అదే 1994లో నొటోరియస్ బి.ఐ.జి. పాట "జ్యూసీ" వచ్చింది. దాని కింద ఉన్నది 1983లో హిట్టయిన "జ్యూసీ ఫ్రూట్". అది ఎమ్టూమే అనే అతని బ్యాండుది. అతను జిమ్మీ హీత్ కొడుకు. అంటే ఒకే ఏడాది న్యూయార్క్‌లో వచ్చిన రెండు పెద్ద ర్యాప్ ఆల్బమ్‌లలో ఒకదాని పునాదిలో తండ్రి, ఇంకోదాని పునాదిలో కొడుకు ఉన్నారు.

ఇది తెలిశాక "సంగీతం వాళ్ళ రక్తంలోనే ఉంది" అనేస్తే సరిపోతుంది. మనకి ఆ మాట బాగా అలవాటు. మూడో తరం హీరో తెరమీదకి రాగానే తాతగారి డైలాగు గుర్తు చేసి విజిల్స్ వేయించుకునే ఊళ్ళో ఉన్నాం. కానీ హీత్‌ల రికార్డులు తేదీల వరసలో వింటూ పోతే నాకు రక్తం కంటే ఎక్కువగా వినిపించింది హాజరు. ఏ రికార్డుకి ఎవరు వచ్చారు, ఎవరు లేరు, లేనివాడి చోటు ఏమైంది అన్నది.

ముందు ఇంటి సంగతి. తండ్రి కార్ల మెకానిక్, వారాంతాల్లో క్లారినెట్ వాయించేవాడు. తల్లి చర్చిలో పాడేది. పర్సీ 1923లో పుట్టాడు, జిమ్మీ 1926లో, టూటీ 1935లో. పెరిగింది ఫిలడెల్ఫియాలో. పర్సీ రెండో ప్రపంచ యుద్ధంలో టస్కీగీ ఎయిర్‌మెన్‌లో పైలట్‌గా శిక్షణ పొందాడు. నల్లవాళ్ళ కోసం విడిగా పెట్టిన దళం అది. యుద్ధం అయిపోయాక వచ్చి, అప్పుడు మొదలుపెట్టాడు బేస్ నేర్చుకోవడం. ఇరవై దాటాక. రక్తం సిద్ధాంతానికి మొదటి దెబ్బ ఇక్కడే.

జిమ్మీ మొదట ఆల్టో శాక్సోఫోన్ వాయించేవాడు. చార్లీ పార్కర్‌ని అందరూ "బర్డ్" అనేవాళ్ళు కాబట్టి ఇతన్ని "లిటిల్ బర్డ్" అన్నారు. ఆ పేరు వదిలించుకోడానికే టెనర్‌కి మారాడంటారు. ఇరవై ఏళ్ళకే ఫిలడెల్ఫియాలో సొంత బిగ్ బ్యాండ్ నడిపాడు. ఆ బ్యాండులో కూర్చున్న కుర్రాళ్ళలో జాన్ కోల్ట్రేన్ ఒకడు, బెన్నీ గోల్సన్ ఒకడు. తర్వాత జిమ్మీ, కోల్ట్రేన్ ఇద్దరూ కలిసే డిజ్జీ గిలెస్పీ బ్యాండులో చేరారు. ఇద్దరూ కలిసే హెరాయిన్‌కి అలవాటు పడినవాళ్ళు కూడా.

1953 ఏప్రిల్లో మైల్స్ డేవిస్ బ్లూ నోట్ కంపెనీకి చేసిన రికార్డింగులో జిమ్మీ పాట "సి.టి.ఎ." ఉంది. మూడున్నర నిమిషాల పాట. టెనర్ జిమ్మీది, బేస్ పర్సీది, డ్రమ్స్ ఆర్ట్ బ్లేకీ. హార్డ్ బాప్ అని తర్వాత పేరొచ్చిన సంగీతం అప్పుడప్పుడే రూపు కడుతోంది. బీబాప్ వేగం పోకుండానే, దానికి బ్లూస్ బరువూ చర్చి పాటల వేడీ కలిపి, మనం కూనిరాగం తీయగలిగేలా ట్యూన్లు కట్టడం. "సి.టి.ఎ." అచ్చం అలాంటిదే. ఒకసారి వింటే మెట్రోలో దిగేదాకా వదలదు. ఈ పద్ధతిలో జిమ్మీ అందరికంటే ముందు వరసలో ఉన్నాడనడానికి ఆ రికార్డే రుజువు.

1955 మొదట్లో అతన్ని మాదకద్రవ్యాల కేసులో పెన్సిల్వేనియాలోని లూయిస్‌బర్గ్ ఫెడరల్ జైలుకి పంపారు. బయటికొచ్చింది 1959 మేలో.

ఆ రెండు తేదీల మధ్య ఏం జరిగిందో ఒకసారి రాసుకుని చూశాను. 1955లో కోల్ట్రేన్ మైల్స్ బ్యాండులో చేరాడు. 1956లో సోనీ రోలిన్స్ "శాక్సోఫోన్ కొలోసస్" రికార్డయింది. 1957లో కోల్ట్రేన్ హెరాయిన్ మానేశాడు. 1958లో బ్లేకీ బ్యాండు "మోనిన్" రికార్డు చేసింది, అందులో టెనర్ వాయించింది ఒకప్పుడు జిమ్మీ బ్యాండులో ఉన్న గోల్సన్. 1959 వసంతంలో "కైండ్ ఆఫ్ బ్లూ". మే నెలలోనే "జయంట్ స్టెప్స్". హార్డ్ బాప్ టెనర్‌లో ఎవరు గొప్ప అనే ప్రశ్నకి చరిత్ర జవాబు రాసుకున్న నాలుగేళ్ళూ ఇతను గది లోపల ఉన్నాడు. జిమ్మీ హీత్ పేరు కోల్ట్రేన్, రోలిన్స్ పేర్ల పక్కన ఎందుకు వినపడదు అని ఎవరైనా అడిగితే నేను ఈ కేలెండరే చూపిస్తాను.

అయితే లోపల అతను రాస్తూనే ఉన్నాడు. 1956 అక్టోబరు 31న లాస్ ఏంజెలెస్‌లో చెట్ బేకర్, ఆర్ట్ పెప్పర్ కలిసి "ప్లేబాయ్స్" అనే ఆల్బమ్ చేశారు. ఏడు పాటల్లో ఐదు జిమ్మీవి. అతని పాటలు దేశం ఆ చివర మోగుతున్నాయి, అతను ఈ చివర జైల్లో ఉన్నాడు. వాయిస్తున్న పెప్పర్ కూడా ఆ ఏడే జైలు నుంచి వచ్చినవాడు.

నాకు అంతకంటే గుచ్చుకున్నది ఇంకో తేదీ. 1957 మే 31. కోల్ట్రేన్ తన పేరుతో చేసిన మొట్టమొదటి ఆల్బమ్ ఆ రోజు రికార్డయింది. దాంట్లో డ్రమ్స్ టూటీ హీత్. ఆ రోజు టూటీ ఇరవై రెండో పుట్టినరోజు. అన్న జైల్లో ఉన్నాడు, అన్న స్నేహితుడు కొత్త జీవితం మొదలుపెడుతున్నాడు, ఆ మొదలుకి తాళం వేస్తున్నది తమ్ముడు. ఆ స్టూడియోలో దీని గురించి ఎవరైనా మాట్లాడుకున్నారో లేదో రికార్డు చెప్పదు. డ్రమ్స్ మాత్రం తడబడవు.

1959 చివర్లో జిమ్మీ మొదటి సొంత ఆల్బమ్ రికార్డయింది. "ద థంపర్". అప్పటికి ముప్పై మూడేళ్ళు. నాట్ ఆడర్లీ కార్నెట్, కర్టిస్ ఫుల్లర్ ట్రాంబోన్, వింటన్ కెల్లీ పియానో, పాల్ చేంబర్స్ బేస్. డ్రమ్స్ టూటీ. మొదటి పాట "ఫర్ మైనర్స్ ఓన్లీ", తను జైల్లో ఉండగా బేకర్, పెప్పర్ వాయించిన వాటిలో ఒకటి. మూడేళ్ళ తర్వాత తన పాటని తనే వాయించుకుంటున్నాడు.

ఈ ఆల్బమ్ నేను ఎక్కువగా విన్నది రెండేళ్ళ క్రితం, మా తమ్ముడు నా దగ్గరికి వచ్చి ఉన్నప్పుడు. వాడు తాగుడు మానడానికి మూడు నెలలు ఒక సెంటర్లో ఉండి వచ్చాడు. విజయవాడలో ఇంటికెళితే చుట్టుపక్కల అందరూ అడుగుతారని అమ్మ వాడిని నేరుగా హైదరాబాద్, నా ఫ్లాట్‌కి పంపింది. వచ్చిన బంధువులందరూ వాడి దగ్గర గొంతు తగ్గించి మాట్లాడేవాళ్ళు. వాడు బాత్రూమ్‌లో పది నిమిషాలు ఎక్కువుంటే ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళు. "ఇప్పుడెలా ఉన్నాడ్రా?" అని వాడు వింటుండగానే నన్ను అడిగేవాళ్ళు. ఒక రాత్రి వాడే అన్నాడు: "అన్నయ్యా, నన్ను గాజుగ్లాసులా పట్టుకోవద్దని వీళ్ళకి చెప్పు. నాకు ఏదైనా పని చెప్పు."

ఆ రోజుల్లో "ద థంపర్" వింటుంటే ఒకటి తట్టింది. తిరిగొచ్చిన అన్న కోసం టూటీ వేగం తగ్గించడు. జాగ్రత్తగా, మెత్తగా వాయించడు. ఏ టెనర్ వాద్యకారుడికైనా ఎలా వాయిస్తాడో అలాగే వాయిస్తాడు, కొన్నిచోట్ల ముందుకి తోస్తాడు కూడా. వాయించగలవాడివే కదా, వాయించు అన్నట్టు. నాలుగేళ్ళు పోగొట్టుకున్న మనిషికి అంతకంటే పెద్ద గౌరవం ఏముంటుందో నాకు తెలీదు. ఆ నెలలోనే నాన్నకి కంటి ఆపరేషన్ ఉంటే, డాక్టర్ అపాయింట్‌మెంట్ నుంచి ఇన్సూరెన్స్ కాయితాల దాకా, డబ్బుతో సహా, మొత్తం తమ్ముడికి అప్పజెప్పాను. అమ్మ ఫోన్లో, "వాడి చేతికి డబ్బా?" అంది. "వాడి చేతికే" అన్నాను. వాడు చేశాడు. దాంతో అంతా బాగైపోయిందని నేను చెప్పను. ఇలాంటివాటిల్లో అంతా అనే మాట ఉండదు. ఆ పని అయింది, తర్వాత ఇంకో పని వచ్చింది.

జిమ్మీకీ అంతా సాఫీగా ఏం జరగలేదు. బయటికొచ్చిన ఏడాదే మైల్స్ బ్యాండులో కోల్ట్రేన్ చోటు కొన్నాళ్ళు దొరికింది. పెరోల్ మీద ఉన్నవాడు ఊరూరా తిరగడానికి వీల్లేదు కాబట్టి అదీ నిలవలేదు. అప్పుడు చేసిన పని వరసగా సొంత రికార్డులు చేయడం. 1960లో "రియల్లీ బిగ్!", 1961లో "ద కోటా", ఆ తర్వాత "ట్రిపుల్ థ్రెట్". మూడింట్లోనూ ముగ్గురన్నదమ్ములూ ఉన్నారు. పర్సీ అప్పటికే మోడర్న్ జాజ్ క్వార్టెట్‌తో సూటూ బూటూ వేసుకుని దేశదేశాల కచేరీ హాళ్ళలో వాయిస్తున్న పెద్ద పేరు. తమ్ముడి రికార్డుకి వచ్చి మాత్రం తన పేరు వినపడేలా ఒక్క స్వరం ఎక్కువ వేయడు. "ద కోటా"లో ఫ్రెడ్డీ హబ్బర్డ్ ట్రంపెట్, జూలియస్ వాట్కిన్స్ ఫ్రెంచ్ హార్న్, జిమ్మీ టెనర్ మూడూ కలిసి వచ్చేచోట ఆ ముగ్గురినీ వదిలేసి బేస్‌ని ఒక్కదాన్నే పట్టుకుని వినండి. అది నడక. ఎవరో ఒకరు నడుస్తూ ఉంటేనే పైన ఇంకొకరు ఎగరగలరు.

కొడుకు కథలోనూ సూటి గీత లేదు. 1946లో పుట్టిన ఆ అబ్బాయిని పెంచింది ఇంకో తండ్రి, ఆయనా పియానో వాయించేవాడే. అతను పెద్దయ్యాక స్వాహిలీలో "సందేశం తెచ్చేవాడు" అని అర్థమొచ్చే ఎమ్టూమే పేరు పెట్టుకుని, 1969లో "కవైడా" అనే ఆల్బమ్‌కి పాటలు రాశాడు. అందులో బాబాయి టూటీ, తండ్రి జిమ్మీ ఇద్దరూ వాయించారు. కొడుకు రాసిన కాయితం ముందు పెట్టుకుని తండ్రి వాయించడం. వారసత్వం అంటే పైనుంచి కిందికే రావాలని ఎవరన్నారు?

జిమ్మీ తర్వాత న్యూయార్క్ క్వీన్స్ కాలేజీలో పదేళ్ళకి పైగా పాఠాలు చెప్పాడు. తొంభై మూడేళ్ళు బతికి 2020 జనవరిలో పోయాడు. చివరి ఆల్బమ్ "లవ్ లెటర్" ఆ తర్వాతే బయటికొచ్చింది. టూటీ 2024 ఏప్రిల్లో వెళ్ళిపోయాడు. అందరికంటే ముందు పోయింది పర్సీ, 2005లో.

ఎవరైనా హీత్‌లని ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే "ద థంపర్" అంటాను. ఎక్కడ ఆపాలంటే మాత్రం పర్సీ దగ్గర. యాభై ఏళ్ళకి పైగా వందల రికార్డుల్లో వెనక నిలబడ్డ మనిషి, తన ఒక్కడి పేరుతో చేసిన మొదటి ఆల్బమ్ "ఎ లవ్ సాంగ్" 2004లో వచ్చింది. అప్పటికి ఎనభై దాటాయి. మరుసటి ఏడాది ఆయన లేడు. ఆ ఆల్బమ్‌కి డ్రమ్స్ ఎవరు వాయించారో చూడ్డానికి క్రెడిట్స్ తెరిచాను గానీ, అప్పటికే నాకు తెలుసు. టూటీ.